శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో రాత్రి వల కట్టే పద్ధతి

కర్నూలు వైపు కృష్ణ నీళ్లలో ఇంటి కూరకూ, సంతకూ నాలుగు చేపలు కావాలంటే పొద్దుగూకేటప్పుడు నిలువు వల కట్టి, తెల్లవారకముందే తీయాలి.

సాగదీస్తే వంద మీటర్లుండే వలను యాభై మీటర్ల పైతాడుకే కూర్చండి. బిగుతుగా ఉంటే చేప తగిలి వెనక్కి పోతుంది. వదులుంటేనే మొప్పల దగ్గర చిక్కుతుంది. పైతాడుకు తేలే బెండ్లు, కింది తాడుకు బరువు గుండ్లు. వల కన్నులో నాలుగు వేళ్లు కలిపి దూరాలి. అంతకంటే సన్నదైతే బొచ్చె, రోహు పిల్లలన్నీ పడతాయి, మరుసటేడు మనకే కరువు.

పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, ఇద్దరుండాలి, ఒకరు తెడ్డేస్తే ఒకరు వల వదలాలి. తెడ్డు ముందువైపు వేసి నీళ్లను తమవైపు లాక్కోవాలి, లేకుంటే పుట్టి గిర్రున తిరుగుతుంది. గాలి లేస్తే పని ఆపి గట్టు పట్టండి. వల కొసలకు రాళ్లను సన్నటి తాడుతోనే కట్టాలి: మునిగిన చెట్ల మొద్దుల్లో రాయి ఇరుక్కుంటే తాడు తెగుతుంది, వల దక్కుతుంది.

కొత్తనీరు ఎర్రగా వచ్చినప్పుడు కట్టొద్దు. చెత్త పేరుకుని వల కొట్టుకుపోతుంది. పైగా అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

ఎండాకాలం పొద్దెక్కనిచ్చారా, వలలో చచ్చిన చేప మెత్తబడుతుంది. మొప్ప ఎత్తి చూడండి: ఎర్రగా ఉంటే సంతకు, పాలిపోయి వాసనొస్తే పారేయడమే. మిగిలిన చిన్నవాటికి కడుపు చీల్చి కడిగి, నాలుగు కిలోలకు కిలో కల్లుప్పు పట్టించి, ఒక రాత్రి ఉంచి తడికల మీద ఆరబెట్టండి. నేల మీద వేస్తే ఇసుకంతా అంటుకుంటుంది.