పెళ్లి సీడీలు ఎంపీ4లోకి మార్చేటప్పుడు

బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ల బీరువాల్లో పాత పెళ్లి సీడీలు, డీవీడీలు ఇంకా ఉన్నాయి కదా, వాటిని ఫోన్‌లో చూసుకోవాలంటే ఎంపీ4 చేసుకోవాలి. సీడీలోని ఫైలు పేరు చివర ఉండే .dat తీసి .mp4 అని రాస్తే మారిపోదు, లోపలి సరుకు అదే. ముందు డిస్కును కంప్యూటర్లోకి కాపీ చేయండి. గీతలు పడ్డ డిస్కు నుంచి నేరుగా మారిస్తే మధ్యలో ఆగిపోవచ్చు. ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితమే. డీవీడీ అయితే అందులోని విడి వీఓబీ (.vob) వీడియో ముక్కలు కాదు, అవన్నీ ఉండే వీడియో_టీఎస్ (VIDEO_TS) ఫోల్డరు మొత్తం ఇవ్వండి. ముక్కలుగా ఇస్తే సరిగ్గా మాంగల్యధారణ దగ్గరే తెగుతుంది, అదేం ఖర్మో!

అసలు చూసుకోవాల్సింది ఇది: తలంబ్రాలు పోసే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ పెట్టండి. బొమ్మ నాణ్యతను చెప్పే అంకె, అంటే క్వాలిటీ ఆర్‌ఎఫ్ (RF), 20 దగ్గర ఉంచండి. వీసీడీ, అంటే పాత వీడియో సీడీ, బొమ్మ 352×288 చుక్కలు మాత్రమే; దాన్ని 1080కి సాగదీస్తే ఫైలు బరువెక్కడమే తప్ప పెద్దమ్మ ముఖం స్పష్టంగా రాదు. మొదట రెండు నిమిషాల ముక్క మార్చి, మాట పెదాలతో కలుస్తోందో లేదో చూసి, అప్పుడు మొత్తం పెట్టండి. పాత డిస్కులు మాత్రం పారేయకండి.