ఓబిదుష్ కోటలో ఒక రాత్రి: ఎలా వెళ్లాలి, గది ఎలా తీసుకోవాలి, ఏం చూడాలి

పోర్చుగల్ వెళ్లేవాళ్లలో చాలామంది ఓబిదుష్ అనే చిన్న కోట ఊరిని రాజధాని లిస్బన్ నుంచి ఒక్క పూటలో చూసి వచ్చేస్తారు. మొదటిసారి నేనూ అంతే చేశాను. పదకొండింటికి దిగాను, జనంతో పాటు ఒకే వీధిలో పైకీ కిందకీ తిరిగాను, నాలుగింటికి మళ్లీ బస్సెక్కాను. ఊరు చూసినట్టే అనిపించలేదు. రెండోసారి మా ఆవిడతో కలిసి కోటలోనే గది తీసుకుని రాత్రి ఉన్నాను. టూరిస్టు బస్సులన్నీ వెళ్లిపోయాక, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున పదింటి దాకా అక్కడ ఉండేది పూర్తిగా వేరే ఊరు. కాబట్టి వెళ్తే రాత్రి ఉండేలాగే వెళ్లండి, ఒక్క రాత్రి చాలు.

ఊరి గురించి కాస్త చెప్తాను, ఎందుకంటే ఇది తెలిసి నడిస్తే ఆ గోడలు వేరేగా కనిపిస్తాయి. లిస్బన్‌కి ఉత్తరంగా 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చిన్న కొండ మీద, చుట్టూ కోటగోడతో ఉంటుంది. 1148లో పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సు ఎన్రికిష్ దీన్ని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాడు. తర్వాత 1282 ప్రాంతంలో దినీష్ అనే రాజు పెళ్లి చేసుకుని ఈ ఊరిని రాణి ఇజబెల్‌కి కానుకగా ఇచ్చాడు. మన దగ్గర కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాస్తారు కదా, ఇక్కడ మొగుడు పెళ్లానికి ఏకంగా ఊరే రాసిచ్చాడన్నమాట. ఆ తర్వాత వచ్చిన రాణులకూ అదే ఆనవాయితీ కొనసాగి, 1834 దాకా ఊరు రాణుల ఆస్తిగానే ఉంది.

కోటలో ఉండే హోటల్‌ని పొజాదా అంటారు. పాత కోటలు, మఠాలు బాగు చేసి హోటళ్లుగా నడిపే పద్ధతి పోర్చుగల్‌లో ఉంది, చారిత్రక కట్టడంలో అలా మొదలైన మొదటి పొజాదా ఇదే, 1951లో. 1755 భూకంపంలో దెబ్బతిని పాడుబడ్డ కోట ఇలా మళ్లీ నిలబడింది. గదులు తక్కువ. అందుకే వేసవికీ, శని ఆదివారాలకీ నెలల ముందే బుక్ చేసుకోవాలి. వారం మధ్యలో, అదీ నవంబరు నుంచి మార్చి లోపు అయితే ధర బాగా తగ్గుతుంది. బుక్ చేసేముందు ఒక మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి. గది కోట లోపలా, పక్కన ఉన్న వేరే ఇంట్లోనా? రెండూ ఒకే పేరు మీద అమ్ముతారు, కోట కోసమే డబ్బు పెట్టేవాళ్లు ఇది చూసుకోకపోతే చాలా నిరాశపడతారు. గదికి ఎన్ని మెట్లు, ఎలాంటివి? బురుజు గదులు అందరూ కోరుకునేవే కానీ మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి, అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఆ గదులు వద్దు. మూడోది, ఆ రోజుల్లో ఊళ్లో ఏదైనా ఉత్సవం ఉందా అని. జూలైలో జరిగే మధ్యయుగపు సంత కోట గోడ పక్కనే పెడతారు, రాత్రి చాలాసేపు డప్పులు, పాటలు. సంత కోసమే వెళ్తే అదో ఆనందం, నిద్ర కావాలంటే ఆ వారాలు తప్పించండి. వసంతంలో చాక్లెట్ పండుగ, డిసెంబరులో క్రిస్మస్ ఊరు పేరుతో ఉత్సవం కూడా ఉంటాయి, వాటికి జనం విరగబడతారు.

కోటలో గది ఖరీదు మీకు ఎక్కువ అనిపిస్తే గోడల లోపలే చిన్న చిన్న ఇళ్లలో గదులు దొరుకుతాయి. రాత్రి ఊరు అనుభవించడానికి అవీ చాలు. కానీ గోడ బయట కొత్త హోటల్ మాత్రం తీసుకోకండి, అంత దూరం వచ్చి అది అనవసరం.

ఇండియా నుంచి వెళ్తే షెంగెన్ వీసా కావాలి, ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. అందులో చూపించే బుకింగ్‌లలో ఇదీ ఒకటి కాబట్టి, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చే రేటులోనే గది తీసుకోండి.

లిస్బన్ నుంచి బస్సే నయం. కాంపు గ్రాండ్ మెట్రో స్టేషన్‌లో దిగి బయటికొస్తే కాల్దష్ ద రయిన్యా అనే ఊరి వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు ఉంటుంది, దాన్ని రాపిద వెర్ద్ అంటారు, అంటే పచ్చ ఎక్స్‌ప్రెస్. గంటలో దింపేస్తుంది. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి ఓబిదుష్ అని చెప్పండి. స్పెల్లింగ్ చూసి ఓబిడోస్ అంటే ఒకోసారి అర్థం కాదు. రైలు కూడా ఉంది కానీ చాలా నెమ్మది, పైగా స్టేషన్ కొండ కింద ఉంటుంది. కారులో వస్తే గోడ బయట పార్కింగ్‌లో పెట్టి నడవాల్సిందే.

ఇక్కడే సామాను సంగతి. ఊరంతా ఎగుడుదిగుడు రాళ్లు పరిచిన దారి, కోట ఆ చివర, ఎత్తు మీద. మేము పెద్ద ట్రాలీ సూట్‌కేసు లాక్కెళ్లాం, సగం దూరంలో చక్రం ఊడిపోయింది. పెద్ద పెట్టె లిస్బన్ హోటల్లో వదిలేసి, భుజాన వేసుకునే బ్యాగులో ఒక రాత్రికి సరిపడా బట్టలు తెచ్చుకోండి. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, వాన పడితే ఆ రాళ్లు నున్నగా జారుతాయి. స్వెటర్ ఒకటి తప్పనిసరి, అట్లాంటిక్ దగ్గర కావడంతో ఆగస్టులో కూడా రాత్రి చలిగాలి కొడుతుంది.

లోపలికి పోర్త ద విలా అనే ద్వారం గుండా వెళ్తారు. శత్రువు నేరుగా దూసుకురాకుండా దారి మలుపు తిప్పి కట్టారు, మన కోటల సింహద్వారాల్లో ఉన్నట్టే. అక్కడ తల ఎత్తి చూడండి, నీలం తెలుపు పలకల మీద క్రీస్తు కథ ఉంటుంది, చాలామంది ఫోన్ చూసుకుంటూ దాని కిందనుంచే వెళ్లిపోతారు. అక్కడి నుంచి రువా దిరెయితా అనే పెద్ద వీధి కోట దాకా పోతుంది. పగలు ఆ వీధిని పట్టించుకోకండి. పక్క సందుల్లోకి తిరగండి, తెల్లటి ఇళ్లకి నీలం, పసుపు పట్టీలు, గుమ్మాల మీద పూలతీగలు, మనిషి ఉండడు.

సాంటా మరియా చర్చి తప్పకుండా చూడండి. ఐదో అఫోన్సు రాజుకి చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే బాబాయి కూతురితో పెళ్లి చేసింది ఇక్కడే. 17వ శతాబ్దంలో ఈ ఊళ్లోనే బతికిన చిత్రకారిణి జుజెఫా గీసిన బొమ్మలు కూడా లోపల ఉన్నాయి. ఆ కాలంలో ఒక ఆడమనిషి చిత్రకళతో పేరూ సంపాదనా తెచ్చుకోవడం మామూలు విషయం కాదు, వాటి ముందు కాసేపు నిలబడండి. కోట పక్కనున్న సాంతియాగు చర్చి ఇప్పుడు పుస్తకాల షాపు, బలిపీఠం ఎదురుగా అల్మారాలు. 2015లో యునెస్కో ఈ ఊరిని సాహిత్య నగరాల జాబితాలో చేర్చింది.

కోటగోడ మీద నడక మాత్రం జాగ్రత్త. చుట్టూ సుమారు కిలోమీటరున్నర, ఊరి వైపు రెయిలింగ్ లేదు. పిల్లల్ని వదలొద్దు, కళ్లు తిరిగేవాళ్లు ఎక్కొద్దు, గాలి గట్టిగా ఉన్నా, గోడ తడిగా ఉన్నా మానుకోండి. ఎక్కాల్సింది పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య. మేము ఎక్కినప్పుడు కింద లోయంతా మంచు, ఎక్కడో కోడి కూత, గోడ మీద మేమిద్దరమే.

తిండికి శాకాహారులు కొంచెం కష్టపడాలి. సూపులో కూడా మాంసం ముక్క పడుతుంది, కాబట్టి "సేం కార్న్, సేం పెయ్ష్" అని చెప్పండి, మాంసం వద్దు, చేప వద్దు అని. కూర్చోగానే అడక్కుండా బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు, అవి ఉచితం కాదు, వద్దంటే తీసేస్తారు. జింజా అనే పుల్లచెర్రీల మద్యాన్ని చిన్న చాక్లెట్ కప్పులో పోసిస్తారు, తాగి కప్పు కూడా తినేయాలి. హోటల్లో తుండు కావాలంటే "తువాల్యా" అనండి, మన తువ్వాలు ఆ మాట నుంచి వచ్చిందే. బొత్తాం, అల్మారా కూడా వాళ్ల దగ్గర నుంచి వచ్చినవే.

చీకటి పడ్డాక తినేసి మళ్లీ ఒకసారి బయటికి నడవండి. షాపులు మూసేసి ఉంటాయి, రువా దిరెయితా మీద పసుపు దీపాలు, మీ అడుగుల చప్పుడు, పైన దీపాల వెలుగులో కోట. ఆ కోటలోకే మీరు తాళంచెవి పట్టుకుని వెళ్తారు. మర్నాడు టిఫిన్ అయ్యాక పదిన్నర లోపు ఖాళీ చేసి కిందికి దిగితే ఎదురుగా మొదటి టూరిస్టు గుంపులు వస్తుంటాయి. లిస్బన్ బస్సు ఎక్కడ ఆగుతుందో ముందు రోజు దిగినప్పుడే అడిగి పెట్టుకోండి, శని ఆదివారాల్లో బస్సులు తక్కువ.