నిజాం కాలపు కాగితాలలో మీ ఊరిని వెతుక్కోవడం ఎలా?

హైదరాబాదులో స్థిరపడిన చాలా కుటుంబాలకు తాతల ఊరి పేరు మాత్రమే మిగిలింది. ఆ ఊరి పాత లెక్కలు వెతకదలచినవారు ముందుగా ఇప్పటి జిల్లా పేరును పక్కన పెట్టాలి. సిద్దిపేటనే తీసుకోండి: 1905 వరకు అది ఎలగందల జిల్లాలోని తాలూకా, ఆ తరువాత మెదక్‌లో కలిసింది, 2016లో తానే జిల్లా అయింది. ఆ 1905లోనే ఎలగందల కరీంనగర్‌గా, ఇందూరు నిజామాబాద్‌గా మారాయి. కనుక కాగితం ఏ ఏటిదో తేలితే గాని ఏ జిల్లా పేరు కింద వెతకాలో తెలియదు. ఆ ఏడు ఫసలీలో, అంటే నిజాం రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఉదాహరణకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల పట్టిక, 1364 ఫసలీది.

జిల్లా కంటే పెద్ద ప్రశ్న, ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేదన్నది. 1865లో మొదటి సాలార్‌జంగ్ తెచ్చిన జిల్లాబందీ (జిల్లాల విభజన) ప్రకారం జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు అధికారులు కాగా, ఊరి లెక్కలు పటేలు, పట్వారీల చేతిలో ఉండేవి. తాలూక్‌దారు అనే పేరు చూసి తాలూకా అధికారి అనుకోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు. మద్రాసు జిల్లాల కలెక్టరుకు ఇక్కడ సాటి అతడే. అయితే ఈ ఏర్పాటు ప్రధానంగా ఖాల్సా, అంటే నేరుగా ప్రభుత్వం కింద ఉన్న దివానీ గ్రామాలది. సర్ఫ్-ఎ-ఖాస్ ఊళ్లు నిజాం సొంత ఆస్తి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా అటువంటిదే. పాయిగాలు (నిజాం కొలువులోని పెద్ద అమీర్ల ఎస్టేట్లు), జాగీర్లు (శిస్తు హక్కుతో ఇతరులకు ఇచ్చిన ఊళ్లు), గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు వేరు. పొలిమేర దాటితే ఏలిక మారిపోయే పక్కపక్క ఊళ్లు ఉండేవి. పెద్ద జాగీర్లకు సొంత కచేరీలు ఉండేవి కనుక, జాగీర్లు రద్దయిన 1949కి ముందటి లెక్కల కోసం దివానీ ఫైళ్లు మాత్రమే తిరగేసి లేవని తేల్చుకోవద్దు.

ఇవి తెలిశాక తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్) వెళ్లండి. మౌజా (ఊరు), తాలూకా, జిల్లా, ఫసలీ ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళితే అడగడం సులువు. పాతవి ఫారసీలో, తరువాతివి ఉర్దూలో ఉంటాయి. షికస్తా దస్తూరీ, అంటే అక్షరాలు కలిపేసి వేగంగా రాసిన చేతిరాత, చదవగల పెద్దవారు తోడుంటే మేలు, ఎందుకంటే అచ్చు ఉర్దూ చదివేవారికి కూడా అది ఒక పట్టాన కొరుకుడుపడదు. ఒకే పేరున్న రెండు ఊళ్లలో పెద్దదానికి కలాన్ అనీ చిన్నదానికి ఖుర్ద్ అనీ చేర్చేవారు, ఆ తోక వదిలేస్తే పొరుగూరి లెక్క చేతికొస్తుంది.

ఊరి పేరు పక్కన బేచిరాగ్ అని కనబడితే అక్కడ దీపం పెట్టే ఇల్లు లేదని అర్థం. జనం లేకపోయినా భూముల లెక్క ఆ ఊరి పేరుతోనే సాగుతుంది కనుక, జనాభా లెక్కలలో దొరకని ఊరిని రెవెన్యూ దస్తరాలలో తప్పక చూడండి.