పవర్ వేరు, ఎనర్జీ వేరు: నమ్మకపోతే మీటర్ దగ్గర నిలబడి చూడండి

ఈ రెండూ కలిపేసుకోవడంలో పిల్లల తప్పు సగమే, మిగతా సగం మన మాటలదే. కరెంటు పోతే "పవర్ పోయింది" అంటాం, తెలుగు మీడియం పుస్తకం తీస్తేనేమో ఎనర్జీ అంటే శక్తి, పవర్ అంటే సామర్థ్యం అని ఉంటది, ఆ సామర్థ్యం అనే మాటని మనం బయట ఇంకో పది రకాలుగా వాడతాం. అందుకే మా అక్క కొడుక్కి చెప్పాల్సొచ్చినప్పుడు పుస్తకం మూయించి బయట కరెంటు మీటర్ దగ్గరికి తీసుకెళ్ళా. మీరూ అదే చెయ్యండి, మీటర్‌ని వైర్లని మాత్రం ముట్టుకోకండి, దూరం నుంచి చూస్తే చాలు.

ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటొకటి టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరుతుంటది. దాని దగ్గర్లో 3200 అనో 1600 అనో ఒక నంబర్ ప్రింట్ చేసుంటది, చాలామంది జీవితంలో చూసుండరు. 3200 అంటే లైటు అన్నిసార్లు కొడితే ఒక యూనిట్ తిరిగినట్టు. యూనిట్ అంటే కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌల్స్ (జౌల్ అంటే ఎనర్జీని కొలిచే చిన్న కొలత), 3200తో భాగిస్తే ఒక్కో టిక్కు 1125 జౌల్స్.

ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపెయ్యండి, ఫ్రిజ్, వైఫై, గోడకి వేలాడే చార్జర్లు అన్నీ. ఒక్క ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. 3200 మీటర్ మీద 75 వాట్ల ఫ్యానైతే 15 సెకన్లకో టిక్కు. అది ఆపి 2000 వాట్ల గీజర్ వెయ్యండి, సెకనుకి దాదాపు రెండు, లెక్కపెట్టడానికి కళ్ళు తిరుగుతాయి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బైతే ఒక్క టిక్కుకి రెండు నిమిషాల పైనే ఆగాలి, మావాడు "మామయ్యా మీటర్ చెడిపోయింది" అన్నాడు.

మొత్తం ఎన్ని టిక్కులు పడ్డాయి అనేది ఎనర్జీ. ఎంత స్పీడుగా పడుతున్నాయి అనేది పవర్. అంతే.

అందుకే పెద్ద పవర్ ఉన్నదల్లా ఎక్కువ ఎనర్జీ తినేస్తదనుకోకూడదు. ఆ 9 వాట్ల బల్బు మర్చిపోయి రోజంతా వదిలేస్తే 216 వాట్ అవర్స్, అంతే ఎనర్జీ తినడానికి గీజర్‌కి ఆరున్నర నిమిషాలు చాలు. 750 వాట్ల మిక్సీ ఇల్లంతా అదిరిపోయేలా అరుస్తది గానీ చట్నీకి నాలుగు నిమిషాలు తిప్పితే 50 వాట్ అవర్సే, పైన చప్పుడు లేకుండా తిరిగే ఫ్యాన్ రాత్రి ఎనిమిది గంటల్లో 600 లాగేస్తది.

పరీక్షలో మెట్ల లెక్క ఇస్తారు కదా, అదీ ఇదే. 50 కేజీల పిల్లాడు 3 మీటర్లు ఎక్కితే, జీ (గురుత్వ త్వరణం) విలువ 10 అనుకుంటే, 1500 జౌల్స్. మెల్లగా ఎక్కినా పరిగెత్తినా గురుత్వానికి వ్యతిరేకంగా చేసిన పని అంతే. 10 సెకన్లలో ఎక్కితే పవర్ 150 వాట్లు, 5 సెకన్లలో అయితే 300. ఆయాసం తేడా ఎక్కడిదో వాళ్ళకే అర్థమవుతది.

ఎక్కువమంది బోల్తాపడేది "కిలోవాట్ పర్ అవర్" అని రాసే దగ్గర. పర్ లేదు అక్కడ! కిలోవాట్లని గంటలతో గుణిస్తున్నాం, భాగించట్లేదు. వాట్ లోపలే ఆల్రెడీ "సెకనుకి ఇన్ని జౌల్స్" అని ఉంది, అందుకే "వాట్స్ పర్ సెకన్" అని కూడా రాయకూడదు. కరెంటు బిల్లులో రెండూ కనిపిస్తాయి, కాంట్రాక్టెడ్ లోడ్ (మన కనెక్షన్‌కి ఒప్పుకున్న లోడ్) కిలోవాట్లలో ఉంటది, అది పవర్, వాడిన యూనిట్లు ఎనర్జీ.

చివర్లో ఒకటి చేయించి చూడండి. 5 హెచ్‌పీ (హార్స్ పవర్) బోరు మోటర్ ఫుల్ లోడ్ మీద 3 గంటలు నడిస్తే ఎన్ని యూనిట్లు? 1 హెచ్‌పీ 746 వాట్లు, కాబట్టి 3730 వాట్లు, అంటే 3.73 కిలోవాట్లు, ఇంటూ 3, మొత్తం 11.19 యూనిట్లు (మోటర్‌లో వేస్టయ్యేది కలపలేదు, నిజంగా మీటర్ ఇంకాస్త ఎక్కువే చూపిస్తది). మావాడు ఫస్ట్ 3.73 దగ్గరే ఆపేసి పెన్ను పెట్టేశాడు, "మరి మూడు గంటలు ఏం చేశావ్?" అంటే నాలుక్కరుచుకున్నాడు.