ప్యానెల్ మీది ఎర్ర లైటు అబద్ధం చెబుతుంటే

తిరుపతిలో మా మిద్దె మీది గదిలో పాకాల జంక్షన్‌కు చిన్న రైళ్లు నడిచే నమూనా కట్టుకున్నాను. హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. తిరుపతికి ఒక లైను, చిత్తూరు మీదుగా కాట్పాడికి ఒకటి, ధర్మవరానికి ఒకటి. లైన్లను బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకు ఒక కరెంటు డిటెక్టరు (పట్టాల్లోంచి ఏదైనా కరెంటు లాగుతోందా అని కనిపెట్టేది), ప్యానెల్ మీద ఒక ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాను. బ్లాకులో బండి ఉంటే లైటు వెలగాలి. నాది డీసీసీ (ఇంజన్లకు డిజిటల్ ఆదేశాలు పట్టాల ద్వారానే పంపే పద్ధతి) కాబట్టి పట్టాల్లో ఎప్పుడూ వోల్టేజీ ఉంటుంది. మామూలు డీసీ కంట్రోలరైతే నాబ్ సున్నాకు తిప్పగానే లైటు కూడా ఆరుతుంది, దానికి రిపేరు మొదలుపెట్టకండి.

ఏ తేడా వచ్చినా ముందు డిటెక్టరు నుంచి పట్టాకు వెళ్లే వైరు విప్పండి. లైటు ఆరితే తప్పు పట్టాల దగ్గర. వెలుగుతూనే ఉంటే డిటెక్టరులోనో ప్యానెల్ వైరింగులోనో. నాకు చాలాసార్లు పట్టాల దగ్గరే దొరికింది.

బండి లేదు, లైటు వెలుగుతోంది

ఇందులో రెండు రకాలున్నాయి, కలిపేసుకోవద్దు.

పక్క బ్లాకులోకి బండి వచ్చినప్పుడే ఇదీ వెలుగుతుంటే, రెండు బ్లాకుల మధ్య కోసిన గ్యాపు మూసుకుపోయిందన్నమాట. కత్తిరి ఎండల్లో మిద్దె గది పెనంలా కాగుతుంది. మీటరు పొడవు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. జనవరిలో సన్న బ్లేడుతో కోసి అలాగే వదిలేసిన నా గ్యాపులు మే నెలలో కలిసిపోయాయి. మళ్లీ మిల్లీమీటరు వెడల్పున కోసి, ప్లాస్టిక్ ముక్క దూర్చి, ఫెవిక్విక్ చుక్క వేసి, ఆరాక పట్టా ఆకారానికి అరగదీశాను.

ఎక్కడా ఏ బండీ లేకుండానే వెలుగుతుంటే తేమను అనుమానించండి. కంకర అతికించడానికి నీళ్లు కలిపిన ఫెవికాల్ పోస్తాం కదా, అది తడిగా ఉన్నంతసేపు ఒక పట్టా నుంచి ఇంకోదానికి కరెంటు పారుతుంది. నవంబరు వానల్లో ఆ పని పెట్టుకుంటే ఆరడానికి రోజులు పడుతుంది. వైరు విప్పి, ఆ బ్లాకు ఖాళీ చేసి, రెండు పట్టాల మధ్య మల్టీమీటరుతో కొలవండి. 10, 20 కిలో ఓమ్‌లు చూపిస్తే డిటెక్టరు లెక్కలో అక్కడ వ్యాగన్ ఉన్నట్టే. ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. తొందరపడి సెన్సిటివిటీ తగ్గించారా, రేపు నిజం వ్యాగన్లు కూడా కనబడవు.

మీటరు తీసే ముందు సొరంగంలోకి తొంగి చూడండి. ఒక ఆదివారం పొద్దంతా వైర్లు పీకాను నేను. తీరా చూస్తే లైట్లున్న బోగీ ఒకటి కప్లింగ్ ఊడి లోపలే నిలబడిపోయింది.

ఇంజను దాటగానే లైటు ఆరిపోతోంది

లైట్లున్న బోగీలు లేకపోతే కరెంటు తీసుకునేది ఇంజను ఒక్కటే. వ్యాగన్ చక్రాలను ఇరుసు దగ్గర ఇన్సులేట్ చేసి ఉంచుతారు, కాబట్టి డిటెక్టరుకు అవి లేనట్టే. లోహపు చక్రాలు వేసి, ఇరుసు మీద 10 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టరు అతికించి, దాని చివర్లను కండక్టివ్ పెయింటుతో రెండు చక్రాలకు కలపండి. 15 వోల్టులకు 1.5 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, మంచి డిటెక్టరుకు అది చాలు. అన్నిటికీ చేసే ఓపిక లేకపోతే బండిలో చివరి వ్యాగన్‌కైనా చేయండి. తోక విడిపోయి లైను మీద ఉండిపోతే తెలియాలి కదా.

లైటు మిణుకుమిణుకుమంటోంది

దుమ్ము. పట్టాలు, చక్రాలు రెండూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డిటెక్టరులో డిలే (లైటు కాస్త ఆగి ఆరే ఏర్పాటు) ఉంటే ఒక సెకను పెట్టండి.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు పగలు మాత్రం తిక్కగా ఉంది

కరెంటు డిటెక్టరుకు బదులు, బండిని కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో పసిగట్టే సెన్సరు ఇది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. కిటికీకి కర్టెన్, సెన్సరుకు నల్ల గొట్టం. నేనైతే ఈ గదిలో వాటిని మానేశాను.

లైటు అసలు వెలగదు

నాకు టెన్షన్ పెట్టేది ఇదే. అసలు రైల్వే ట్రాక్ సర్క్యూట్‌లో లైను ఖాళీగా ఉంటేనే రిలేకు (కరెంటుతో పనిచేసే స్విచ్చుకు) కరెంటు అందుతుంది. బండి చక్రాలు పట్టాలను కలిపేస్తే రిలే పడిపోతుంది. వైరు తెగినా పడిపోతుంది, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. మన డిటెక్టరు దీనికి తలకిందులు. వైరు తెగితే ‘ఖాళీ’ అని చూపించి ఊరుకుంటుంది.

అందుకే బండ్లు నడిపే ముందు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒకటి చేతిలో పట్టుకుని, ప్రతి బ్లాకులో రెండు పట్టాలకూ ఆనిస్తాను. మా అమ్మాయి ప్యానెల్ దగ్గర కూర్చుని "వచ్చింది నాన్నా" అంటుంది. అనకపోతే ముందు ఎల్‌ఈడీ తిరగేసి పెట్టారేమో చూడండి. పొడుగు కాలు ప్లస్‌కు, 12 వోల్టులకైతే ఒక కిలో ఓమ్ రెసిస్టరు. అది సరిగానే ఉంటే బల్ల కిందికి దూరి ఆ బ్లాకు ఫీడరు (పట్టాకు కరెంటు తెచ్చే వైరు) సోల్డరింగ్ లాగి చూడండి.