తుపాను కాలం రాకముందే పాస్‌వర్డ్లు సర్దుకోండి

వైజాగ్‌లో అక్టోబరు దగ్గర పడుతోందంటే కొవ్వొత్తులు, టార్చి, పవర్ బ్యాంకు చూసుకుంటాం. పాస్‌వర్డ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా కిటికీ అద్దం పగిలి, బల్ల మీదున్న నాన్న డైరీ నానిపోయింది. పాస్‌వర్డ్లన్నీ అందులోనే, అదీ జెల్ పెన్నుతో. పేజీ తెరిస్తే నీలం మరక తప్ప అక్షరం లేదు. కరెంటు, సిగ్నల్ వచ్చాక మరో వారం ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కుతూ కూర్చున్నాం.

ఇప్పుడు అందరం పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్లన్నీ తాళం వేసి దాచే యాప్, వాడుతున్నాం. ఇంట్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే గూగుల్‌ది, అన్నీ ఐఫోన్లే అయితే ఆపిల్‌ది సరిపోతుంది. రెండూ కలిసి ఉంటే నా ఓటు బిట్‌వార్డెన్‌కి. ఉచితంగానే ఎన్ని ఫోన్లలోనైనా పనిచేస్తుంది. కీపాస్‌ఎక్స్‌సీ కూడా మంచిదే కానీ, అది పాస్‌వర్డ్లను మీ దగ్గరే ఒక ఫైల్లో దాస్తుంది; ఆ ఫైలు ఉన్న కంప్యూటర్ తడిస్తే పోకుండా బ్యాకప్ తీసుకునే బాధ్యత మీదే. కొత్తవాళ్లకు నేను చెప్పను.

మేనేజర్‌ని తెరిచే ఒకే ఒక్క పాస్‌వర్డ్, అదే మాస్టర్ పాస్‌వర్డ్, దాని దగ్గర మాత్రం బద్ధకం వద్దు. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి వినియోగదారుల పాస్‌వర్డ్ ఖజానాల బ్యాకప్‌లే దొంగల చేతికి పోయాయి. లోపలి పాస్‌వర్డ్లు ఎన్‌క్రిప్ట్ అయి (చదవలేని రూపంలో) ఉన్నాయి కాబట్టి, వాటికి కాపలా మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. అది ‘వైజాగ్ 123’ అయితే ఎంతసేపు ఆగుతుంది? పేపర్ తెరిచి కళ్లు మూసుకుని వేలు పెట్టి ఐదు మాటలు ఏరుకోండి: పనస, ఇస్త్రీ, తాబేలు, గొళ్లెం, మంగళవారం. ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసుకోవచ్చు. ఇవే మాత్రం పెట్టుకోకండి!

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడ కాదు. ఫోన్ నీళ్లలో పడింది, కొత్తది కొన్నారు. మేనేజర్‌లోకి వెళ్లాలంటే ఈమెయిల్‌కి వచ్చిన కోడ్ అడుగుతుంది. ఈమెయిల్ పాస్‌వర్డేమో మేనేజర్‌లోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. అందుకని మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: మాస్టర్ పాస్‌వర్డ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, రెండింటి రికవరీ కోడ్‌లు (ఫోన్ చేతిలో లేనప్పుడు లోపలికి వెళ్లడానికి ముందే ఇచ్చే కోడ్‌లు). బాల్ పెన్నుతో రాసి, జిప్ కవర్లో వేసి, ఇంటి కాగితాలతో పెట్టండి. మా నాన్న ఆ కవరు మీద ‘పాత కరెంటు బిల్లులు’ అని రాశారు, దొంగ కూడా ముట్టుకోడట. రెండో కాపీ సాలూరులో అక్క దగ్గరుంది, అంటించిన కవర్లో.

రాసి ఊరుకోకండి. ఇంట్లో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో ప్రైవేట్ విండో తెరిచి, మీ ఫోన్ ముట్టుకోకుండా కాగితం ఒక్కటే చూసి లాగిన్ అవ్వండి. నేను చేసినప్పుడు నా రాతలో అది ఒకటి అంకెనా, ఎల్ అక్షరమా నాకే తెలియలేదు. ఒకసారి వాడిన రికవరీ కోడ్ మళ్లీ పనిచేయదు, కొత్తది రాసుకోండి.

తుపాను హెచ్చరిక వచ్చాక యాప్ లాగవుట్ చేయొద్దు, తీసేయొద్దు. బిట్‌వార్డెన్ లాగిన్ అయి ఉంటే నెట్ లేకపోయినా పాస్‌వర్డ్లు చూపిస్తుంది. ముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

గాలి తగ్గాక నష్టపరిహారం పేరుతో లింకులు రావచ్చు. నొక్కితే అచ్చం మీ బ్యాంకు పేజీలాగే ఉంటుంది, కానీ మేనేజర్ పాస్‌వర్డ్ నింపదు, ఎందుకంటే అది బొమ్మను కాదు, సైటు అడ్రసును చూస్తుంది. అప్పుడు ‘యాప్ మొరాయిస్తోంది’ అనుకుని చేత్తో కాపీ చేసి పెట్టకండి. ఓటీపీ, యూపీఐ పిన్ మీరే చెప్పేస్తే ఏ మేనేజరూ కాపాడలేదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకు తెరిచేదాకా ఆగొద్దు.