శుభలేఖలో అక్షరాలు చెదరకుండా వెనక రంగు మార్చడం ఎలా?

మా పర్లాకిమిడి ఇంట్లో శుభలేఖ రెండు లిపుల్లో వేయిస్తాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు కలిసింది, ఇంట్లో మాట మాత్రం తెలుగే. శ్రీకాకుళం చుట్టాలకి తెలుగు, ఇరుగుపొరుగుకి ఒడియా.

మొన్న పిన్ని కూతురి పెళ్లికి తెల్ల కార్డు బొమ్మ ఒక్కటే చేతికొచ్చింది, అసలు ఫైలు లేదు. "పెళ్లి కార్డు ఇలా తెల్లగా ఉంటే ఏటి బాగుంటాదిరా, పసుపు వెయ్యి" అంది పిన్ని. మళ్లీ టైప్ చేయాలంటే నాకు ఒడియా టైపింగ్ రాదు. వియ్యపువారి పేరులో ఒక్క గుణింతం తప్పినా మర్యాద కాదు. కాబట్టి ఉన్న అక్షరాన్ని ముట్టుకోకుండా రంగు మార్చాలి. ఉచితంగా దొరికే, ఫొటోలు దిద్దే కంప్యూటర్ ప్రోగ్రామ్ గింప్‌లో ఈ పని చేయొచ్చు.

రంగు డబ్బా గుర్తు నొక్కి తెలుపు మీద పసుపు కుమ్మరించకండి. ఆ రంగు అంచు తగలగానే ఆగిపోతుంది. మనవి గుండ్రటి లిపులు: సున్నా లోపల, ఒడియా ఠ లోపల తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. అక్షరం అంచున నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే బూడిద చుక్కలు కూడా అలాగే ఉండి, తెల్లటి పొలుసులా కనిపిస్తాయి.

ముందు బొమ్మ తెరిచి, ఇమేజ్ మెనూలో మోడ్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) అని ఉందో లేదో చూడండి, లేకపోతే దానికి మార్చండి. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే కాగితం మసకగా ఉంటుంది. కలర్స్‌లో లెవెల్స్ తెరిచి, తెల్ల బిందువు ఎంచే డ్రాపర్‌తో కాగితం మీద నొక్కండి. ఈ మెట్టు దాటేస్తే పసుపు మురికిగా వస్తుంది.

తర్వాత బొమ్మ పైన కొత్త లేయర్, అంటే ఇంకో పొర, పెట్టి పసుపుతో నింపండి. నేను వాడింది ఎరుపు 255, ఆకుపచ్చ 214, నీలం 64. బొమ్మంతా పసుపైపోయిందని కంగారు పడొద్దు. ఆ లేయర్ మోడ్‌ని మల్టిప్లై చేయండి. రెండు లేయర్ల విలువల్ని గుణించి 255తో భాగిస్తుంది కనుక తెలుపు (255) ఉన్నచోట పసుపు, నలుపు (0) ఉన్నచోట నలుపే వస్తాయి. అంచుల్లోని బూడిద కూడా దానంతటదే పసుపు నీడగా మారుతుంది.

నల్ల అక్షరాలకి ఇంతే చాలు. ఎర్రటి అక్షరాలుంటే మాత్రం రంగు కొంచెం మారుతుంది. అప్పుడు మల్టిప్లై వద్దు: అసలు లేయర్ మీద కలర్స్‌లో కలర్ టు ఆల్ఫా ఎంచి తెలుపుని తీసేసి, కింద పసుపు లేయర్ పెట్టండి. లేత గులాబీ వినాయకుడి బొమ్మ ఉంటే జాగ్రత్త. లేత రంగులో తెలుపు భాగం ఎక్కువ కాబట్టి అదీ సగం మాయమవుతుంది. మొదటే లేయర్‌కి ఒక నకలు తీసి ఉంచుకుని, అందులోంచి బొమ్మ ముక్క వరకు కత్తిరించి పైన అతికించండి.

కుంకుమ లాంటి ముదురు రంగు కావాలంటే నల్ల అక్షరాలు అందులో కలిసిపోతాయి. అసలు లేయర్ మీద కలర్స్‌లో ఇన్వర్ట్ చేసి అక్షరాల్ని తెల్లగా మార్చి, రంగు లేయర్‌ని స్క్రీన్ మోడ్‌లో పెట్టండి.

చివర్లో ఎక్స్‌పోర్ట్ యాజ్‌తో పీఎన్‌జీగా దాచండి. జేపీజీ అయితే అక్షరాల చుట్టూ మరకలు పడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి.